పన్నెండో పక్షి

షామీర్‌పేట చుట్టుపక్కల కారు దిగి నవ్వుతూ నమస్కారం పెట్టేవాళ్లు రెండే రకాలు. భూమి కొనేవాళ్లు, కొనిపించేవాళ్లు. ఈ సంగతి అలియాబాద్‌లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఓదెలుకైతే ఇంకాస్త ఎక్కువే తెలుసు. అందుకే ఆ రోజు పొద్దున తన వాకిట్లో తెల్లకారు ఆగి, అందులోంచి భుజానికి సంచీ వేసుకున్న ఒక అమ్మాయి దిగి చేతులు జోడించేసరికి, అతను చిరిగిన వల కుడుతున్నవాడల్లా దారాన్ని పళ్లతో పుటుక్కున తెంపి, ఆమె నోరు తెరవకముందే జవాబు చెప్పేశాడు.

"మాకు జాగ లేదు. ఉన్నా అమ్మం."

ఓదెలుకు అనుమానం ఎక్కువ అనడం చేపకు తడి ఎక్కువ అన్నట్టే. పాల పాకెట్ మీద తేదీ చదువుతాడు, అది చదివాక దుకాణదారు ముఖం చదువుతాడు. పెళ్లి విందులో వడ్డించేవాడు మరీ మర్యాదగా అడిగితే కూర అడుగంటిందని లెక్కేసుకుంటాడు. ఫోన్‌లో పండగ శుభాకాంక్షలు వస్తే వేలు పెట్టడు. నొక్కితే బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోతుందని అతని నమ్మకం. అతనికున్న నమ్మకం ఆ ఒక్కటే. తన మొగుడు నీడ వెంట వస్తున్నా ఎందుకొస్తున్నావని అడిగే రకమని భార్య వినోద చేపల గంప ముందు కూర్చుని పదిమందిలో అంటూనే ఉంటుంది. పుట్టుకతో ఎవరికీ ఇంత అనుమానం రాదు. ఎవరో ఒకరు పెట్టి పోతారు. ఓదెలుకు ఎవరు పెట్టారో ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు.

ఆ అమ్మాయి పేరు అనూహ్య. పట్నంలో ఏదో కంప్యూటర్ ఉద్యోగం. భూమి కోసం రాలేదనీ, పాత చాక్లెట్ కాయితాల కోసం వచ్చాననీ చెప్పింది. ఓదెలు మనసులో ఇంకో గడియ పడింది. భూమి కోసం వచ్చానని చెప్పి భూమి అడిగేవాడు కొంత నయం. చాక్లెట్ కాయితం అని మొదలుపెట్టినవాళ్లు చివరికి ఏం అడుగుతారో ఊహకు కూడా అందదు. వినోద మాత్రం ఇంటికొచ్చినవాళ్లు ఎవరైనా ముందు మంచినీళ్లు అనే మనిషి. కుర్చీ వేసి చెంబు తెచ్చింది. అనూహ్య సంచీలోంచి పెళ్లి ఫొటోల ఆల్బం లాంటిది తీసి ఒళ్లో తెరిచింది.

వినోద చెంబు అక్కడే పెట్టేసి దాని మీదికి వంగింది. "అవ్వో, పక్షుల చాకలెట్లు" అంది. ఆ ఒక్క మాటతో ఆమె వయసు సగానికి సగం దిగిపోయింది.

పక్షుల చాక్లెట్ గురించి ఆ ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, తర్వాత పుట్టినవాళ్లకు చెప్పినా అర్థం కాదు. గాజులరామారంలో రేకుల షెడ్డు వేసుకుని పట్టాభిరామయ్య అనే ఆయన దాన్ని తయారుచేసేవాడు. పాలు, చక్కెర, కాస్త శొంఠి. పంటికి అతుక్కుంటే ఒక పట్టాన వదిలేది కాదు, మింగాక గొంతులో చురుక్కుమనేది. రుచి సంగతి అలా ఉంచితే, అసలు కిటుకంతా కాయితంలో ఉంది. ఒక్కో చాక్లెట్ మీద ఒక్కో పక్షి బొమ్మ. కాకి, పిచ్చుక, చిలుక, కొంగ, గోరింక, పావురం, గద్ద, బాతు, కోకిల, కోడిపుంజు, గుడ్లగూబ, నెమలి. పన్నెండూ కూడబెట్టి షెడ్డుకు తెచ్చినవాళ్లకు సైకిల్ ఇస్తామని ప్రతి దుకాణంలో ఒక పోస్టరు అంటించారు. మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా పిల్లలకు పిచ్చి పట్టింది. కాకులు ఎవరి జేబులో చూసినా ఉండేవి. గుడ్లగూబ కావాలంటే సంచెడు గోళీలు వదులుకోవాలి. కొనలేని పిల్లలు దుకాణం ముందు మట్టిని కాలితో గీరి వెతికేవాళ్లు. దొరికిన కాయితాన్ని తడిపి, గోడకు అతికించి ఆరబెట్టి, పుస్తకంలో పెట్టి ఆ పుస్తకం మీద కూర్చునేవాళ్లు. నెమలి మాత్రం ఎవరికీ దొరకలేదు. పెద్ద కంపెనీల చాక్లెట్లు వచ్చి ఆ షెడ్డు మూతపడింది, ఆ పిల్లలకు పళ్లు కదిలే వయసు వచ్చింది, అయినా దొరకలేదు.

ఇప్పుడు ఆ కాయితాలకే పట్నంలో మహా గిరాకీ అని అనూహ్య చెప్పుకొచ్చింది. అద్దం కట్టించి గోడకు తగిలించుకుంటున్నారట. ఫోన్లలో గుంపులు పెట్టుకుని ఒకరికొకరు మార్చుకుంటున్నారట. పక్షుల చాక్లెట్ గాజుసీసా మూత కోసం సొంత అన్నదమ్ములు మాటలు మానేశారట. నాలుక మరిచిపోయిన రుచిని కళ్లతో చప్పరించే సరదా అన్నమాట. సరదా ఉన్నచోట దగా ఉండకపోదు. కొత్తగా అచ్చు వేయించి, టీ నీళ్లలో ముంచి పాతవని అంటగట్టేవాళ్లూ బయలుదేరారు. అందుకని అనూహ్య ఏ కాయితం చేతికొచ్చినా ముందు వాసన చూస్తుంది. శొంఠి వాసన ఎన్నేళ్లయినా పోదు. టీ వాసన వస్తే అది దొంగది. ఈ పద్ధతి ఓదెలుకు నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే అనుమానం వచ్చింది.

ఆమె ఆల్బంలో పదకొండు పక్షులున్నాయి. చివరి గడి ఖాళీ.

"అంకుల్, నెమలి మీ దగ్గరే ఉందట కదా. ఇవ్వకపోయినా పర్లేదు. ఒక్కసారి చూసి వెళ్లిపోతాను."

ఓదెలు వల పక్కకు నెట్టి లేచాడు. ఎవరు చెప్పారని అడిగాడు. హైవే మీద టీ తాగడానికి ఆగితే హోటల్ ఆయన ఇంటి గుర్తులు చెప్పి మరీ పంపాడంది. కరీంనగర్ రోడ్డు మీద హోటళ్లకు కొదవ లేదు. ఓదెలు ఇంటి గుర్తులు అంత వివరంగా చెప్పగల హోటల్ ఆయన మాత్రం ఒక్కడే. బాలరాజు.

బాలరాజు, ఓదెలు ఒకే వాడలో పుట్టి ఒకే చెరువులో ఈత నేర్చినవాళ్లు. ఒకడి చొక్కా ఒకడు తొడుక్కుని తిరిగిన స్నేహం. బడికెళ్లే రోజుల్లో పదకొండు కూడబెట్టిన బాలరాజు ఒకనాడు తనకు నెమలి కూడా దొరికిందన్నాడు. నాలుగు రోజులు తిరక్కుండానే పోయిందని ఏడ్చాడు. వాడి నాయిన సోమయ్య కులంలో పెద్దమనిషి. కొడుకుతో తిరిగే పిల్లలందరినీ వరసగా నిలబెట్టి, మంత్రించిన బియ్యం తెప్పించాడు. దొంగను తేల్చడానికి అప్పట్లో వాడకు అదే కోర్టు. ఒక్కొక్కరి నోట్లో గుప్పెడు బియ్యం పోస్తారు. నమిలి మోదుగాకులో ఉమ్మాలి. తప్పు చెయ్యనివాడి నోట్లో బియ్యం తడిసి పిండవుతుంది, దొంగ నోట్లో పొడిపొడిగా మిగులుతుంది. మిగతా పిల్లలంతా తెల్లటి ముద్దలు ఉమ్మారు. ఓదెలు పిరికివాడు. వాడ జనమంతా చూస్తుంటే భయంతో నోరు ఎండిపోయింది. ఆకులో పడ్డవి గింజలు గింజలుగానే పడ్డాయి. దాంతో తీర్పు అయిపోయింది. తల్లి సాలమ్మ చింతబరికెతో కాళ్లు వాచేలా కొడుతూ, ఎక్కడ దాచావో ఇచ్చెయ్యి బిడ్డా అని తనూ ఏడ్చింది. లేనిది ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు? ఇవ్వకపోయేసరికి మొండిదొంగ అన్నారు.

ఊళ్లో ఇంకో ఇద్దరు ఓదెలులున్నారు. గుర్తు కోసం ఇతణ్ని నెమలి ఓదెలు అన్నారు. ఇప్పటి పిల్లలు అతను ఒకప్పుడు నెమలిలా బాగా ఆడేవాడేమో అనుకుంటారు. పెద్దవాళ్లు మాత్రం ఎక్కడైనా నమ్మకం మాట వస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పెళ్లిలో కట్నాలు రాసే చోట ఓదెలును కూర్చోబెట్టరు. బోనాల చందా డబ్బా అతని చేతికివ్వరు. వద్దని ఎవరూ అనరు. ఇంకొకరి పేరు చెబుతారు, అంతే. ఊరు మనిషిని నరకడానికి కత్తి అక్కర్లేదు, ఇంకో పేరు చాలు.

ఇన్నాళ్లకు ఒక మార్పు వచ్చింది. చెరువు సంఘం వాళ్లకు కట్ట దగ్గర ఒక స్టోరు ఉంది. వలలు, తెప్పలు, తూకం కాంటా, చేపల దాణా అన్నీ అందులోనే ఉంటాయి. ఇన్నేళ్లూ తాళంచెవి పెట్టుకున్న ముసలాయనకు చూపు తగ్గి, ఇక తన వల్ల కాదన్నాడు. సంఘం పెద్ద మల్లేశం ఈసారి ఓదెలు పేరు అనుకుంటున్నానని తనే ఇంటికొచ్చి చెప్పాడు. ఆదివారం అందరూ కూర్చుని తేలుస్తారు. దానికి జీతమేమీ లేదు. అయినా ఆ మాట విన్ననాటి నుంచీ ఓదెలుకు కంటి మీద కునుకు లేదు. ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకుని వాడ మధ్యలోంచి ఒక్కసారి నడిచిపోవాలి. జీవితంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

సరిగ్గా ఈ వారంలోనే నెమలి కావాలంటూ ఒక కారు రావడం, దాన్ని బాలరాజే పంపడం. బాలరాజు కూడా సంఘంలో మనిషే. ఆదివారం నాటికి నెమలి ముచ్చట ఊరందరి నోళ్లలో నానాలి, మల్లేశం వెనకడుగు వెయ్యాలి. ఓదెలు లెక్కకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"నా దగ్గర లేదు. ఎన్నడు లేకుండె. పంపినాయనకు గదే జెప్పు పో" అన్నాడు.

అనూహ్య ముఖం చిన్నబోయింది కానీ కోపం తెచ్చుకోలేదు. ఆల్బం మూస్తూ, తనకూ ఒక అనుమానం ఉందని చెప్పింది. గుంపులో అంతమంది ఉన్నా నెమలిని కళ్లతో చూసినవాడు ఒక్కడూ లేడు. అసలు అది ఉందో లేదో తేల్చుకోవడానికి ఇప్పుడు పట్టాభిరామయ్య గారి దగ్గరికే వెళుతున్నానంది. ఆయన బతికే ఉన్నాడట, గాజులరామారంలోనే.

నెమలి అసలు లేకపోవడం అనే ఊహ ఇన్నేళ్లలో అతనికి ఒక్కసారి కూడా రాలేదు. అన్నిటినీ అనుమానించిన మనిషి దాన్నొక్కదాన్ని నమ్మాడు. తనూ వస్తానన్నాడు. కారెక్కమంటే మాత్రం ఎక్కలేదు. కారులో తలుపుల గడియలు నడిపేవాళ్ల చేతిలో ఉంటాయని అతనికి తెలుసు. బండి తీసి కారు వెనకాలే పోయాడు. మేడ్చల్ దాటేదాకా ఆ అమ్మాయి, బాలరాజు ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారేమోనని వెనక అద్దంలోంచి ఆమె చెవి వైపే చూస్తూ పోయాడు.

పట్టాభిరామయ్య ఒక ఇరుకు సందులో, రెండో అంతస్తులో ఉంటున్నాడు. తలుపు సగమే తెరిచి, పక్షుల చాక్లెట్ అనే మాట వినగానే ఆ సగం కూడా మూయబోయాడు.

"సైకిల్ కోసమైతే నా దగ్గరేం లేదమ్మా. షెడ్డు ఎప్పుడో పోయింది" అన్నాడు.

పాపం ఆయన భయం ఆయనది. ఇన్నేళ్లుగా ఎవరు తలుపు తట్టినా పన్నెండు కాయితాలు పట్టుకుని వచ్చారేమోనని ఉలిక్కిపడుతూనే ఉన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. సైకిల్ అడగబోమని అనూహ్య నమ్మించి, ఆల్బం చేతిలో పెట్టాక మెత్తబడ్డాడు. కాయితాలను వేలితో నిమిరి, ఆ కొంగ తన భార్య గీసిందని చెప్పుకుని మురిశాడు. అప్పుడు అడిగింది ఆమె, నెమలి సంగతి. ముసలాయన మంచం కింద నుంచి ఒక రేకుపెట్టె లాగాడు.

అందులో అచ్చు దిమ్మలున్నాయి, పన్నెండు. పదకొండు దిమ్మల గీతల్లో సిరా గడ్డకట్టి నల్లగా ఉంది. పన్నెండోది కొత్త గిన్నెలా మెరుస్తోంది. పురివిప్పిన నెమలి. ఒక్క గీతలోనూ సిరా చుక్క లేదు.

"దిమ్మ చేయించాను, అచ్చు వేయించలేదు" అన్నాడాయన. "నెమలి బయటికి పోతే సైకిల్ కొనివ్వాలి కదా. అమ్మకాలు పెరిగాక దసరాకు వేద్దామనుకున్నాను. దసరా వచ్చాక ఉగాదికి అనుకున్నాను. పిల్లలు కొంటూనే ఉన్నారు, నేను వాయిదా వేస్తూనే ఉన్నాను."

ఓదెలు ముందుకు వంగాడు. పొరపాటున ఒక్కటైనా, ఒక్కటంటే ఒక్కటైనా బయటికి పోయిందేమో గుర్తు చేసుకోమన్నాడు. అచ్చే పడని కాయితం ఎలా పోతుందయ్యా అన్నాడు ముసలాయన. ఓదెలు ఆ మాటనూ నమ్మలేదు. దిమ్మను చేతిలోకి తీసుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, గోరుతో గీతలన్నీ గీకి చూశాడు. గోరు తెల్లగానే వచ్చింది. ఆ పక్కన అనూహ్య కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. లేదని తేలిన నెమలి ఆమెకు ఉన్న నెమలి కంటే పెద్ద నిధి. ఫొటో తీసుకోవచ్చా అని ఆమె అడుగుతుంటే ఓదెలు మెట్లు దిగిపోయాడు.

కింద బండి దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు. ముందు సంతోషం వచ్చింది. దాని వెనకే దుఃఖం వచ్చింది. చివరికి వచ్చింది కోపం, అదే నిలిచింది. లేని వస్తువును పోగొట్టుకున్నానని ఒకడు ఏడ్చాడు. ఆ లేని వస్తువును ఎత్తుకుపోయినందుకు తను దొంగయ్యాడు. ఎవడైనా ఇంత మోసం చేయగలడని ఇంత అనుమానపు మనిషికి కూడా తోచకపోవడం చూస్తే నవ్వూ వచ్చింది.

అలియాబాద్ చేరేసరికి హోటల్‌లో మధ్యాహ్నం జనం పలచబడ్డారు. బాలరాజు గల్లాపెట్టె దగ్గర ఒక్కడే ఉన్నాడు. ఇద్దరూ నేరుగా మాట్లాడుకుని ఒక తరం దాటింది. సంఘంలో మాట కలపాల్సి వస్తే మల్లేశం వైపు చూసి మాట్లాడతారు. ఓదెలు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"నెమలి అచ్చే గాలేదంట."

బాలరాజు బల్ల తుడుస్తున్న గుడ్డ ఆపలేదు. "ఎరుకే" అన్నాడు.

ఈ మాటకు ఓదెలు సిద్ధంగా లేడు. బుకాయిస్తాడు, గొంతు పెంచుతాడు, పనివాళ్లను పిలుస్తాడు అనుకుని వచ్చాడు. వాటన్నిటికీ జవాబులు దారిపొడవునా కూర్చుకున్నాడు. బాలరాజు గుడ్డ పక్కన పడేసి, కుర్చీ చూపించి, తనూ కూలబడ్డాడు.

"నెమలి దొరికిందంటె ఎవ్వడు నమ్మలే. నువ్వొక్కనివే నమ్మినవ్" అన్నాడు. "నమ్మి ఊకున్నవా? ఉరికిపోయి మా నాయినకు జెప్పినవ్, మావోనికి సైకిల్ వస్తాందని. నాయిన జల్దీ తయారవ్, గాజులరామారం పోదాం పా అన్నడు. ఏం జూపియ్యాలె నేను? పోయిందన్న. నీ పేరు జెప్పలే. బియ్యం తెప్పిస్తడని నాకేమెరుక?"

తెల్లారి నిజం చెప్పేద్దామనే అనుకున్నానన్నాడు. ఓదెలు కాళ్ల మీద వాతలు చూశాక, ఆ దెబ్బలన్నీ తనకు తిరిగొస్తాయని భయమేసిందట. రేపు రేపంటూ ఉంటే అబద్ధానికి వయసొచ్చింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఇప్పుడు దాన్ని ఇంట్లోంచి గెంటడం ఎలాగో తెలియలేదు. పొద్దున టీ తాగుతూ ఆ అమ్మాయి, అసలు నెమలి వేశారో లేదోనని అనుమానంగా ఉందంది. ఆ మాట వినగానే, నెమలి అక్కడే ఉందట అడుగు అని ఓదెలు ఇంటి గుర్తులు చెప్పాడు.

"ఆ పిల్ల తోని నీకు తెలుస్తదనుకున్న. నా నోటితోని జెప్పరాక పంపిన."

ఓదెలు ఒళ్లంతా మండిపోయింది. కుట్ర అయ్యుంటే ఎంత బాగుండేది. తిట్టి, ఉమ్మి, తల ఎత్తుకుని వెళ్లిపోయేవాడు. తీరా చూస్తే ఇది పిరికితనం. పిరికితనం సంగతి ఓదెలుకు బాగా తెలుసు, దాన్ని తిట్టడానికి నోరు రాలేదు. లేచి నిలబడ్డాడు.

"నాకు జెప్పుడు గాదు. ఐతారం సంఘంల జెప్పు."

బాలరాజు చెబుతానన్నాడు. ఓదెలు నమ్మలేదు. శుక్రవారం, శనివారం ఆ హోటల్ ముందు నుంచి ఏదో పని కల్పించుకుని తిరుగుతూ, బాలరాజు ఊరు విడిచి పోయాడేమోనని చూసుకున్నాడు. గల్లాపెట్టె దగ్గర మనిషి కనిపిస్తే, ఆదివారం నాటికి కడుపునొప్పి అని పడుకుంటాడులే అనుకున్నాడు. వినోదకు ఏ సంగతీ చెప్పలేదు. ఆదివారం బాలరాజు అందరికంటే ముందొచ్చి చెరువు కట్ట దగ్గర కూర్చుని ఉండటం చూసి, ఇందులో ఇంకేదో మెలిక ఉందని తీర్మానించుకున్నాడు.

మెలికేమీ లేదు. మల్లేశం తాళంచెవి మాట ఎత్తి, ఓదెలు పేరు చెప్పి, అందరి వైపూ చూశాడు. పెద్దవాళ్లు అలవాటు ప్రకారం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో ఇంకో పేరు అనబోయేంతలో బాలరాజు లేచాడు. నెమలిని ఓదెలు తియ్యలేదనీ, అసలు తనకు నెమలి దొరకనేలేదనీ, ఆనాడు అబద్ధమాడాననీ చెప్పాడు.

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకింది. చాక్లెట్ కాయితానికా ఇంత రాద్ధాంతం అని ఒకరు, అది ఇంకా మనసులో పెట్టుకున్నారా అని ఒకరు. ఓదెలుకు ఆ నవ్వు ఆనాటి చింతబరికె కంటే ఎక్కువ తగిలింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. వాళ్లకు చాక్లెట్ కాయితం, అతనికి మొత్తం బతుకు. మల్లేశం ఒక్క కసురు కసిరితే నవ్వు ఆగింది. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. వద్దన్నవాడు ఒక్కడూ లేడు. తాళంచెవి ఓదెలు అరచేతిలో పడింది. అనుకున్నంత బరువు లేదు.

ఓదెలు అక్కడి నుంచి కదల్లేదు.

"తలుపుకు ఇంకో తాళం ఎయ్యాలె. దాని చెవి బాలరాజు దగ్గర పెట్టుండ్రి. ఒక్కడొస్తె తలుపు తెర్సుకోవద్దు. ఇద్దరం ఉంటేనే తెర్సుకోవాలె" అన్నాడు.

అందరూ మెచ్చుకున్నారు. మనసంటే అదీ అన్నాడు మల్లేశం. విరిగిన స్నేహం మళ్లీ అతుక్కుందని ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. బాలరాజు మాత్రం ఓదెలు ముఖంలోకి చూసి తల దించుకున్నాడు. అతనికి అర్థమైంది.

ఓదెలు వాడ మధ్యలోంచే నడిచి ఇంటికి వచ్చాడు. ఎవరెవరో పలకరించారు. మొలతాడుకు కట్టిన చెవి తొడకు తగులుతూనే ఉంది. ఇన్నాళ్లూ కలగన్న నడక అదే. అయినా ఇల్లు చేరేదాకా ఆ పలకరింపుల్లో ఏది నిజమో తూచుకుంటూనే వచ్చాడు.

కబురు అతని కంటే ముందే ఇల్లు చేరింది. వినోద ముఖం వెలిగిపోతోంది. పళ్లెంలో అన్నం పెడుతూ, మొత్తానికి దోస్తులిద్దరూ కలిశారన్నమాట అంది.

"కలిసుడు ఏంది?" అన్నాడు ఓదెలు. "వాని మీద నాకు నమ్మకం లేకనే రెండో తాళం. దొంగ అని వాడంటె ఊరు నమ్మింది. కాదని వాడంటె ఊరు నమ్మింది. రెండుసార్లు వాని మాటే. రేపు వాడు ఇంకోటి జెప్తె గది గూడ నమ్ముతరు. అందుకే ఏం పోయినా వాడు గూడ పక్కనుండాలె. నువ్వు దీసినవా అని ఎన్నడన్న ఒక్కలన్న నన్ను అడిగిన్రా?"

వినోద ఊరివాళ్లను ఏదో అనబోయింది.

"ఊరెందుకు? నువ్వడిగినవా?"

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. అడగలేదు. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆ కథ విన్నది. తీసే ఉంటాడులే, చిన్నతనం, అడిగి నొప్పించడం ఎందుకు అనుకున్నది. దొంగతనం చేసిన పిల్లవాడినే మొగుడనుకుని, దాన్ని క్షమించేశానని తనలో తనే గొప్ప పడుతూ, ఇన్నేళ్లూ ఈ మనిషికి అన్నం పెట్టింది. ఆ సంగతి ఇప్పుడు ఆమె ముఖంలో దాచినా దాగలేదు. ఓదెలు చూశాడు. ముఖాలు చదవడం అతనికి బాగా వచ్చు.

వినోద గరిటె కింద పెట్టింది. చేయి కొంగుకు తుడుచుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"నువ్వు దీసినవా?" అని అడిగింది.

ఓదెలు పళ్లెం పక్కకు జరిపి ఆమె వైపు తిరిగాడు.

"తియ్యలే" అన్నాడు.